లావు కేబులు, మామిడి గంప

నా వృత్తిలో నేను సరిగ్గా చేసిన పనులేవీ ఎవరికీ కనిపించలేదు. కేబుళ్ల సైజు లెక్కగట్టి బతికినవాడికి ఇంతకు మించిన కీర్తి రాదు. కేబులు కాలిపోతే ఊరంతా వచ్చి చూస్తుంది. కాలకపోతే అక్కడ కేబులుందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు.

ఈ లైనులోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు, "మీ అనుభవాలు రాయండి సార్" అని అడిగారు. ప్రమోషన్ల సంగతి రాయను. అవి నాకే సరిగా గుర్తులేవు, ఇచ్చినవాళ్లకి అసలే ఉండవు. డెబ్బయ్యవ దశకంలో తిరువూరులో ఒక రైసు మిల్లుకి వేసిన కేబులు గురించి రాస్తాను. ఆ కేబులు మీద ఒక మిల్లు ప్రారంభోత్సవమూ, నా పెళ్లీ ఆధారపడ్డాయి. రెండోది డ్రాయింగులో చూపించలేదు.

కేబులుకి రెండు ఉద్యోగాలు

ముందు కాస్త పాఠం. ఓపిక పట్టండి, పెళ్లి దాకా తీసుకెళతాను.

కేబులు చేసే ఉద్యోగాలు రెండు. ఒకటి రోజూ చేసేది: మోటారు అడిగినంత కరెంటు మోసుకుపోవడం. అప్పుడు లోపలి తీగ కొంచెం వేడెక్కుతుంది, ఆ వేడి తీరిగ్గా బయటికి పోతుంది, అందరూ క్షేమం. రెండోది జన్మకోసారి చేసేది. ఎక్కడో తగలకూడని రెండు తీగలు తగులుకుంటాయి. పదుల ఆంపియర్లు మోసే దారిలో వేల ఆంపియర్లు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఫ్యూజు పోయేదాకా ఆ వరదని కేబులే భరించాలి. అది రెప్పపాటు వ్యవహారం. అంతలో వేడి బయటికి పోలేదు. పుట్టిందంతా తీగలోనే ఉండిపోతుంది. కరెంటు రెట్టింపయితే వేడెక్కడం నాలుగింతలు. తీగలో లోహం రెట్టింపు చేస్తే అది నాలుగో వంతుకి దిగుతుంది. ఫ్యూజు ఎంత ఆలస్యంగా పోతే అంత కష్టం. మొత్తం శాస్త్రం ఇంతే. నాకు కాలేజీలో దీన్ని రెండు నెలలు చెప్పారు.

మొదటి ఉద్యోగానికి కేబులు ఎంచడం ఎవరికైనా వస్తుంది, పట్టిక చూస్తే చాలు. రెండోదానికి ఎంచడమే మన ఉద్యోగం. కాని ఆ రెండోది వచ్చేదాకా మనం దండగమారి మనుషుల్లాగే కనిపిస్తాం. వచ్చాక కూడా కనిపిస్తాం. ఆ సంగతి ముందు ముందు మీకే తెలుస్తుంది.

భాస్కరం గారి ప్రశ్న

నాకు మొదటి ఉద్యోగం ఇచ్చినాయన బెజవాడలో ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు, భాస్కరం గారు. ఆయన బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ఒక కేబులు ముక్క ఉండేది. దాని తొడుగు ఉబ్బి, పగిలి, లోపలి అల్యూమినియం కారి గడ్డకట్టి, చూడ్డానికి మాడిన వంకాయలా ఉండేది. కొత్తగా చేరినవాళ్లకి దాన్ని చూపించి, "దీన్ని ఎంచినవాడు లెక్కల్లో ఫస్టు క్లాసోయ్" అనేవారు. అంతకుమించి వివరం చెప్పేవారు కాదు.

నేను ఏ డ్రాయింగు పట్టుకెళ్లినా ఆయన అడిగే ప్రశ్న ఒకటే: "ఏమోయ్, ఇది ఎప్పుడు చస్తుంది?" ఎంత కరెంటు మోస్తుందని ఏనాడూ అడగలేదు. నేను నీళ్లు నమిలితే కాగితం వెనక్కి తోసేవారు. చెప్పగలిగితే "సరే" అనేవారు. ఆయన నిఘంటువులో పొగడ్తకి అదొక్కటే మాట. తరవాత నాకు పెద్ద పెద్ద పై అధికారులు దొరికారు. వాళ్లు నా భార్యాపిల్లల క్షేమం కూడా అడిగేవారు. కేబులు ఎప్పుడు చస్తుందని ఒక్కరూ అడగలేదు. మీకు అలా అడిగే యజమాని దొరికితే తిట్లు పడుతున్నా వదలకండి.

రత్నయ్య గారి ఫ్యూజు

తిరువూరు మిల్లు యజమాని రత్నయ్య గారు. తాతల నాటి నుంచి వ్యాపారం చేసే కుటుంబం. మనిషి మంచివాడు, మాటకారి, ఎవరొచ్చినా కాఫీ ఇవ్వకుండా పంపడు. మిల్లు పెంచుతూ కొత్త మిషనరీ తెప్పించాడు, దాంతోపాటు పాతదానికి నాలుగు రెట్ల ట్రాన్స్‌ఫార్మరు శాంక్షను చేయించుకున్నాడు. దాన్ని షెడ్డు పక్కనే దిమ్మె మీద ఎక్కించి, ఇంటికి వచ్చినవాళ్లకి కొత్తల్లుణ్ణి చూపించినట్టు చూపించేవాడు.

"ఊళ్లో ఇంత ట్రాన్స్‌ఫార్మరు ఇంకెవరికుందండీ ఇంజనీరు గారూ?"

"ఎవరికీ లేదండి. అందుకే షెడ్డు ఆ చివర చిన్న బోర్డుకి వెళ్లే కేబులు మార్చాలి. పది స్క్వేరు ఉంది, యాభై స్క్వేరు వేద్దాం."

తీగ కోత వైశాల్యం చదరపు మిల్లీమీటర్లలో చెబుతారు. మా భాషలో అది స్క్వేరు. పది స్క్వేరు కేబులు చిటికెనవేలుకి అన్న లాంటిది. యాభై స్క్వేరు గొడుగు పిడి.

రత్నయ్య గారు నవ్వాడు. తరవాత నేను నవ్వడం లేదని చూసి మానేశాడు.

"అదేంటండీ! ఆ బోర్డు మీద ఉన్నవి రెండు చిన్న మోటార్లు, నాలుగు దీపాలు. అప్పుడూ అవే, ఇప్పుడూ అవే. ఇంటికి పెద్ద గేటు పెట్టానని నన్ను లావెక్కమంటారేంటి?"

"మీరు ఎక్కక్కర్లేదండి. కాని గొడవ జరిగిన రోజున ఆ గేటులోంచి వచ్చే జనం ఎక్కువవుతారు."

ఆయన నన్ను కేబులు దగ్గరికి తీసుకెళ్లి నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టాడు. "చూడండి. మోటార్లు తిరుగుతున్నాయా? వైరు చల్లగా ఉందా? ఇంకేం కావాలండీ?"

ఆ రోజుల్లో కృష్ణా జిల్లా మెట్టప్రాంతం మొత్తానికి కేబులు పరీక్ష అదే. చెయ్యిపెట్టి చూడటం. జ్వరానికీ అదే, కేబులుకీ అదే. మొదటి ఉద్యోగానికి ఆ పరీక్ష చెడ్డదేం కాదు. రెండో ఉద్యోగం మాత్రం చెయ్యి పెట్టి చూసేంత సేపు ఉండదు, పెట్టినవాడూ ఉండడు.

సరే, ఫ్యూజు ఏముందో చూద్దామని మెయిన్ బోర్డులో పింగాణీ ఫ్యూజు ఊడదీశాను. సన్నటి ఫ్యూజు తీగ ఉండవలసిన చోట రాగి తీగల్ని పేని జడలా అల్లి బిగించి ఉంది. దానితో గేదెని కట్టెయ్యొచ్చు.

"ఇది ఎవరు వేశారండీ?"

"నేనే!" అన్నాడు, ఛాతీ కాస్త ముందుకొచ్చింది. "వేసిందగ్గర్నుంచి ఒక్కసారి పోలేదు."

"ఫ్యూజు పోవడానికే కదండీ వేసేది?"

"పోయేదాన్ని వేయడం ఎందుకండీ?"

ఈ ప్రశ్నకి నా దగ్గర ఇంజనీరింగు సమాధానం ఉంది కాని తిరువూరు సమాధానం లేదు. పిల్లలూ, ఇక్కడ కాసేపు ఆగండి. నేను సరైన ఫ్యూజు వేసి రావొచ్చు. వేశాను కూడా. కాని అది నేను బెజవాడ బస్సెక్కేదాకానే ఉంటుంది. మొదటిసారి పోగానే మళ్లీ జడ వస్తుంది. ఆ కాలంలో ఫ్యూజు పోవడం ఇంటి పరువు పోవడం లాంటిది. కనక నేను కేబులు లెక్క కట్టింది పుస్తకంలోని ఫ్యూజుకి కాదు, రత్నయ్య గారి జడకి. జడ కరగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ బతికే కేబులు కావాలి. అది యాభై స్క్వేరు. సూత్రంలో మనుషుల స్వభావానికి అక్షరం ఉండదు. మనమే కలుపుకోవాలి.

రత్నయ్య గారు ఒప్పుకోలేదు. భాస్కరం గారు స్వయంగా వచ్చి, "యాభై వేయకపోతే పని పూర్తయిందని నేను సంతకం పెట్టను" అని రెండు ముక్కల్లో చెప్పి అదే బస్సులో వెళ్లిపోయారు. అప్పటికే కొత్త మిషనరీ ప్రారంభానికి ముహూర్తం పెట్టించుకున్నారు, భోజనాలకి పిలుపులు అయిపోయాయి. యాభై పడింది. వారం తిరక్కుండా ఊళ్లో నా పేరు 'లావు వైరు ఇంజనీరు' అయింది. కాఫీ హోటల్లో కూర్చుంటే, "లావు వైరు గారికి స్ట్రాంగుగా ఒకటి" అని కేకేసేవారు.

విస్సన్నపేట వాకబు

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మేనత్త నాకో సంబంధం తెచ్చింది. విస్సన్నపేట బసవయ్య గారి అమ్మాయి, పేరు సుశీల. వాళ్లకి రెడ్డిగూడెం వైపు మామిడి తోటలున్నాయి, కాయ ఎగుమతి వ్యాపారం ఉంది. అమ్మాయి ఫొటో చూసి నేను మా మేనత్తతో "పరవాలేదు" అన్నాను. రాత్రి మళ్లీ అడిగి ఫొటో తీసుకుని మూడుసార్లు చూసినట్టు ఆవిడ అందరికీ చెప్పింది. రెండే సార్లు.

బసవయ్య గారికి తిరువూరులో తెలిసిన మనిషి రత్నయ్య గారు. కుర్రాడు పనిచేస్తున్నది ఆయన మిల్లులోనే. ఇంకేం, ఒకరోజు బసవయ్య గారు ధాన్యం చూడ్డానికొచ్చినట్టు మిల్లుకి వచ్చాడు. నేను గోడకి ఇవతల కేబులు క్లిప్పులు బిగిస్తున్నాను. అవతల మాటలు ఇవతలికి బాగా వినిపించే గోడ అది.

"కుర్రాడు ఎలాంటివాడండీ?"

"బంగారం లాంటివాడు బసవయ్య గారూ. చుట్టా బీడీ లేదు, పేకాట లేదు. ఒక్కటే లోపం. పది స్క్వేరు చాలే చోట యాభై వేయమంటాడు. రేపు మీ అమ్మాయి శేరు బియ్యం చాలంటే బస్తా వండమంటాడేమో!"

నేను బిగిస్తున్న స్క్రూ కింద పడింది. బసవయ్య గారు నవ్వలేదు. బయటికొచ్చి నన్నూ, గోడ మీది కేబుల్నీ మార్చి మార్చి చూసి, "బాబూ, వీలైతే రేపోసారి మా షెడ్డుకి రండి. దీపాలు సరిగా వెలగట్లేదు" అన్నాడు.

దీపాలు బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి. వెళ్లగానే చూశాను. చూడనట్టు నటిస్తూ ఒక స్విచ్చు విప్పి మళ్లీ బిగించాను.

షెడ్డు నిండా మామిడి వాసన. వరుసగా గంపలు. ప్రతి గంపలో ముందు వరిగడ్డి, పైన ఒక వరస కాయ, మళ్లీ గడ్డి, మళ్లీ కాయ. నాకు కాయకంటే గడ్డే ఎక్కువ కనిపించింది. అడిగాను.

"ఎందుకండీ ఇంత గడ్డి?"

సమాధానం గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. ఫొటోలో ఉన్న మనిషే, కాకపోతే ఫొటోలో నవ్వలేదు. "మా నాన్నకి గడ్డి పిచ్చండి. ఢిల్లీలో గంప విప్పినవాళ్లు, ఆవుకి పంపించి పొరపాటున కాయలు పెట్టారనుకుంటారు."

"నువ్వు లోపలికెళ్లమ్మా" అన్నాడు బసవయ్య గారు. సుశీల వెళ్లలేదు. ఆయన కూడా వెళ్లిందో లేదో చూడలేదు. అది వాళ్లింటి పద్ధతని అర్థమైంది.

"కుదురుగా పోయే దారికి గుప్పెడు గడ్డి చాలు బాబూ" అన్నాడు. "కాని మైలవరం అవతల ఒక గుంట ఉంది చూశారా, దాంట్లో లారీ చక్రం పడుతుంది. స్టేషన్లో కూలీ గంపని భుజం మీంచి కిందికి వదిలేస్తాడు. ఆ ఒక్క దెబ్బకి ఇదంతా. మిగతా దారిలో ఈ గడ్డి దండగే."

నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. "అదేనండీ నా కేబులు!"

ఆయన అనుమానంగా చూశాడు. "గడ్డితో చేస్తారా?"

కాదని చెప్పి, చక్రమూ గుంటా కూలీ అన్నీ వాడి, షార్ట్ సర్క్యూట్ మొత్తం వివరించాను. కాలేజీలో మా ప్రొఫెసరు రెండు నెలల్లో చెప్పలేనిది నేను అరగంటలో చెప్పాను. చేతులు బాగా ఊపాను. బసవయ్య గారు అంతా విని, "ఊ" అన్నాడు.

నేను బస్సెక్కడానికి బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర సుశీల మెల్లగా, "నాన్న ఊ అన్నాడంటే బేరం ఇంకా తెగలేదని" అంది.

తోరణం

ముహూర్తం రోజు పొద్దున్నే మిల్లు ముందు జనం. బసవయ్య గారు కూడా వచ్చాడు. ఆయన పక్కన నలుగురు ఆడవాళ్లు, వాళ్లలో సుశీల. ఆ రోజు మిల్లు తిరిగితే నా మాట నిలుస్తుంది. తిరగకపోతే లావు వైరు ఇంజనీరు బ్రహ్మచారిగా బెజవాడ వెళతాడు. ఇది నాకు చాలా స్పష్టంగా ఉంది.

నేను మెయిన్ స్విచ్చు ఆపి, రెండు బోర్డులూ తెరిచి, తుడిచి, పరీక్షించి, మూశాను. పురోహితుడు వాటికి పసుపు, కుంకుమ పెట్టాడు. అంతా సవ్యం. ఆ తరవాత నన్ను కాఫీకి పిలిచారు. ఇంజనీరు అన్నవాడు కాఫీకి వెళ్లొచ్చాక బోర్డులు మళ్లీ చూడాలి. ఇది మాత్రం రాసిపెట్టుకోండి.

నేను కాఫీ తాగుతుండగా రత్నయ్య గారు స్వహస్తాలతో షెడ్డు ఆ చివరి చిన్న బోర్డుకి మామిడాకుల తోరణం కట్టాడు. దారంతో అయితే ఆ దుమ్ముకీ అదురుకీ తెగుతుందని బస్తాలకి బిగించే బైండింగు తీగకి ఆకులు గుచ్చాడు. తోరణం జారకుండా తీగ కొసని బోర్డు తలుపు సందులోంచి లోపలికి దోపి, తలుపు గట్టిగా మూశాడు. నాలుగు మామిడాకుల బరువుకి ఇనప తీగ వేసిన మనిషి, నా కేబులు లావైందని ఊరంతా చాటాడు. నాకు దీని మీద ఇప్పటికీ పెద్దగా అభిప్రాయం లేదు.

ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టారు. రత్నయ్య గారు మెయిన్ స్విచ్చు వేశాడు.

శబ్దం గురించి అతిశయోక్తి చెప్పను. బోర్డు మాత్రం దూరంగా ఉంది, చుట్టూ ఎవరూ లేరు, ఎవరికీ ఏమీ కాలేదు. ఢామ్మని తలుపు ఎగిరి తెరుచుకుంది. నీలంగా ఒక మెరుపు మెరిసింది. బైండింగు తీగ ఎటు పోయిందో తెలియదు. మెయిన్ బోర్డులో రాగి జడ కాసేపు బుర్ర గోక్కుని, బుస్సుమని పోయింది. నేను కాఫీకి వెళ్లిన సందులో నా ఫ్యూజు తీసేసి మళ్లీ జడ బిగించారని అప్పుడే తెలిసింది. మామిడాకులు గాల్లోకి లేచి అక్షింతల్లా అందరి మీదా రాలాయి. ఒకటి సుశీల జడ మీద పడింది. ఆ గందరగోళంలో నేను అది ఎలా చూశానని అడక్కండి.

"ముహూర్తం!" అన్నాడు రత్నయ్య గారు.

"ఇంకా ఉందండి, కానివ్వండి" అన్నాడు పురోహితుడు, తలమీది ఆకు తీసుకుంటూ.

నేను పరిగెత్తాను. చిన్న బోర్డు లోపల మసి. కాని దానికి వచ్చిన కేబులు? మెగ్గరు పెట్టి చూశాను. అది ఇన్సులేషను బాగుందో లేదో చెప్పే పెట్టె. ముల్లు ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడింది. పాడైన బోర్డు పక్కనపెట్టి, కేబుల్ని తిన్నగా కొత్త స్విచ్చుకి కలిపి, మెయిన్ బోర్డులో సరైన ఫ్యూజు వేసి, స్విచ్చు వేయించాను. మిల్లు తిరిగింది. ముహూర్తం దాటకముందే మొదటి బియ్యం పడింది.

బసవయ్య గారు తిన్నగా వెళ్లి కేబులు మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు పెట్టాడు.

"తోడుపెట్టే పాలంత వెచ్చగా ఉంది" అన్నాడు.

పది స్క్వేరు ఉండి ఉంటే ఆ వేడెక్కడం ఇరవయ్యయిదు రెట్లు. సన్న తీగ కరెంటుకి తనూ కొంచెం అడ్డుపడుతుంది కనక కాస్త తక్కువనుకోండి. ఎలా చూసినా భాస్కరం గారి బల్ల మీదికి ఇంకో వంకాయ తయారయ్యేది, ఆ రోజుకి మిల్లు తిరిగేది కాదు. నేను ఈ లెక్క చెప్పబోయాను. రత్నయ్య గారు అడ్డొచ్చాడు.

"చూశారా బసవయ్య గారూ! అంత పేలింది, కేబులుకి ఏమీ కాలేదు. నేను మొదట్నుంచీ చెబుతున్నా, ఇంత లావు అనవసరమని!"

ఇదీ నేను ముందు చెప్పిన సంగతి. ఆ రెండో ఉద్యోగం వచ్చి, చేసి, వెళ్లిపోయాక కూడా మనం దండగమారి మనుషులమే. నేను బసవయ్య గారి వైపు చూశాను. ఆయన "ఊ" అని భోజనానికి వెళ్లాడు.

గంప

బెజవాడ తిరిగొచ్చి రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఎవరూ ఏమీ చెప్పలేదు. సంబంధం పోయిందనుకున్నాను. భాస్కరం గారికి జరిగిందంతా చెబితే మొత్తం విని, "కేబులు చావలేదుగా, సరే" అన్నారు. పెళ్లి ప్రసక్తి ఆయనకి పట్టలేదు.

ఒక మధ్యాహ్నం విస్సన్నపేట బస్సు మా ఆఫీసు ముందు ఆగింది. కండక్టరు టాపెక్కి ఒక మామిడి గంప ఎత్తి, అక్కణ్ణుంచి తిన్నగా కిందికి వదిలేశాడు. దబ్బుమని పడింది. ఆఫీసులో అందరం లేచాం.

"ఏంటయ్యా ఆ వదలడం!" అన్నారు భాస్కరం గారు.

"అలాగే వదలమన్నారండి" అన్నాడు కండక్టరు, పైనుంచి దిగుతూ. "బసవయ్య గారు ఇంజనీరు బాబుకి ఇమ్మన్నారు. గడ్డి సరిపోయిందో లేదో చూసి చెప్పమన్నారు. నేను వెళ్లి చెప్పాలి, తొందరగా కానివ్వండి, బస్సులో జనం ఉన్నారు."

భాస్కరం గారే కూర్చుని తాడు కోశారు. గడ్డి తీశారు, ఇంకా తీశారు, నేల కనపడకుండా తీశారు. రసాలు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, మీటరు చూసినట్టు తిప్పి తిప్పి చూసి పక్కన పెట్టారు. బస్సులోంచి జనం తలలు బయటపెట్టి చూస్తున్నారు. డ్రైవరు హారను కొట్టడం మానేశాడు.

అట్టడుగు వరస అయ్యాక ఆయన చేతులు దులుపుకున్నారు.

"ఒక్కటీ నలగలేదోయ్" అన్నారు నాతో. తరవాత కండక్టరుతో, "గడ్డి సరిపోయిందని చెప్పు. కుర్రాడు కూడా సరిపోతాడని మేం అన్నామని చెప్పు."

ఆయన ఎవరికైనా "సరే" మీద ఇంకో రెండక్షరాలు ఖర్చు పెట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నెలలోపు విస్సన్నపేటలో లగ్నాలు పెట్టుకున్నారు. పందిట్లో దీపాల వైరింగు ఎవరు చూస్తారని పెద్దలు మాట్లాడుకుంటుంటే, "అల్లుడుగారే ఉన్నారుగా" అని ఎవరో అన్నారట. లోపల్నుంచి సుశీల అందిట: "ఆయన్ని మాత్రం చూడనివ్వకండి నాన్నా. వైరు బరువుకి పందిరి కూలుతుంది."